పెద్దాయన కూర్చున్నాడు

ఆ ఇంట్లో పొద్దున్నే మాటల్లేకుండా గడిచేది పళ్లు తోముకునేంత సేపే. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు మొదలుపెడతారు. ఆయన విమానాశ్రయంలో జాగిలంతో ప్రయాణికుల సామాను తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆ పిల్లేమో లా చదువుతూ, గంజాయి చట్టం మార్చాలంటూ కుర్రకారును వెంటేసుకు తిరుగుతుంది. ఇంట్లో ముద్దుపేరు లాయరమ్మ. మధ్యలో నలిగేది తల్లి. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా కొత్తవాళ్ల పక్కన కూర్చుని బ్రేకులు తొక్కీ తొక్కీ ఇంటికొస్తే ఇక్కడా అదే పని.

ఆ రోజు లాయరమ్మ శాసనసభ వేసిన సంఘం ముందు మాట్లాడాలి. జేబులో చిటికెడు దొరికినంత మాత్రాన జైల్లో పెట్టి బతుకు పాడుచేయకండని అడగబోతోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి గుమ్మం పక్కన పెట్టి, నిలబడే టీ తాగుతోంది.

"సంచిలో ఏముంది?" అన్నాడు తండ్రి, పేపరు దించకుండా.

"కాయితాలు. గొడుగు."

"అంతేనా?"

"నేను ముట్టుకోనని ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? చట్టం బాగాలేదంటే నేను తాగుతున్నట్టేనా?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. లేచి, మేకుకు వేలాడుతున్న గొలుసు తీసి, సోఫా కింద గుర్రుపెడుతున్న పెద్దాయనకు తగిలించాడు. పెద్దాయన అంటే ఆ జాగిలమే. ఇద్దరూ ఒకేసారి రిటైరై ఇల్లు చేరారు. గంజాయి వాసన తగిలితే పెద్దాయన మొరగడు, మీద పడడు. ఆ వస్తువు ముందు బుద్ధిగా కూర్చుంటాడు. కూర్చుంటే బంతి ఇస్తారు. ఆయనగారి చదువంతా అదే.

పెద్దాయన కుర్చీ దాటి, బల్ల దాటి, సంచి ముందుకొచ్చి కూర్చున్నాడు.

తండ్రి మొహం పాలిపోయింది. సంచి బోర్లించాడు. కాయితాలు, గొడుగు తప్ప ఏమీ రాలలేదు.

"ఇప్పుడు లేకపోతే నిన్న ఉండుంటుంది. వాసన అంత తొందరగా పోదు" అన్నాడు. "వాడు ఇన్నేళ్లలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"నేను చెప్పానా?"

"ఇవాళ నువ్వు వెళ్తే నేనూ వస్తా. మా అమ్మాయి మాట నమ్మకండని వాళ్ల మొహం మీదే చెప్తా."

లాయరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వీధిలో ఎవరేమన్నా లెక్కచేయని పిల్ల, ఆ మాటకు మాత్రం తట్టుకోలేకపోయింది.

తల్లి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఇక నావల్ల కాదు. గొడవెందుకని దాచాను. మొన్న దీని దగ్గర చిన్న పొట్లం దొరికింది. చెప్పుల స్టాండులో అడుగు అరలో పెట్టాను. చూసుకోండి."

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావ్?"

తండ్రి అప్పటికే పెద్దాయనను తీసుకుని అటు నడిచాడు. పెద్దాయన చెప్పుల స్టాండు ముందు ఆగి, యజమాని మొహంలోకి చూసి, కూర్చున్నాడు. ఆయన వంగి, జోళ్లన్నీ లాగి నడవంతా పోశాడు.

"ఏదీ?"

"లేదు. ఎప్పుడూ లేదు. నేనే కల్పించాను."

"మరి వీడెందుకు కూర్చున్నాడు?"

"నా దగ్గర నేర్చుకునేవాళ్లు గుంతను చూస్తూ నడిపితే బండి గుంతలోకే పోతుంది. మీ చూపు ఎక్కడ ఆగితే, గొలుసు ఎక్కడ బిగిస్తే వాడక్కడ కూర్చుంటాడు. వాడికి కావాల్సింది బంతి. ఇంకోసారి చూస్తారా? పిండి డబ్బాలో ఉందని చెప్పనా?"

"వాడు ముసలాడైపోయాడు. అప్పుడు ఇలా లేడు" అన్నాడు ఆయన. ఆ మాట ఆయనకే అతకలేదు. జోళ్ల మధ్య నేల మీద కూలబడ్డాడు. విమానాశ్రయంలో, నా దగ్గర ఏమీ లేదు సార్ అని ఏడ్చిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. పెద్దాయన ఆమె పెట్టె ముందూ ఇలాగే కూర్చున్నాడు. పెట్టెలో ఏమీ దొరకలేదు. అయినా ఆమెను గదిలో కూర్చోబెట్టారు, విమానం వెళ్లిపోయింది. వాసన మిగిలే ఉంటుందని అప్పుడూ తనే అన్నాడు.

లాయరమ్మ కాయితాలు ఏరుకుంటోంది. కోపం ఇంకా తగ్గలేదు.

"నేనూ వస్తాను" అన్నాడు తండ్రి.

"నమ్మొద్దని చెప్పడానికా?"

"కాదు. జాగిలం ఎందుకు కూర్చుంటుందో చెప్పడానికి. చట్టం మార్చాలో వద్దో నాకింకా తెలీదమ్మా. కానీ ఇది చెప్పకపోతే నాకు అన్నం సయించదు." గొడుగు ఏరి ఆమె సంచిలో పెడుతూ, "నీ మాట వినాల్సింది" అన్నాడు.

సంచి తనే భుజాన వేసుకుని లేచాడు. గొలుసు పట్టుకున్న చేతిని తన వైపు లాక్కున్నాడు. పెద్దాయన ఆ చెయ్యి వైపు చూసి, వచ్చి ఆయన ముందే కూర్చున్నాడు.

తండ్రి నవ్వబోయాడు గానీ ఏడుపొచ్చింది. లాయరమ్మ అరలోంచి పాత బంతి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"వాడికిచ్చెయ్ నాన్నా. ఈసారి దొంగను సరిగ్గానే పట్టుకున్నాడు."

తల్లి కారు తాళాలు తీసుకుంది. "ముందు ఆ జోళ్లు సర్దండి. దారిలో మాత్రం ఇద్దరూ నోరెత్తడానికి వీల్లేదు."