జీలకర్ర పొట్లంలో రెండో అధ్యాయం

దుర్గాదేవి నలిగిన కాగితాన్ని కౌంటర్ మీద పరిచి, జారిన కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఏవండీ, మీ జీలకర్ర పొట్లంలో ఒకబ్బాయి ఒకమ్మాయి బస్సు కోసం బస్టాపులో నిలబడి తడుస్తున్నాడు. తర్వాత ఏమైంది?"

నా చేతిలోని తూకం రాయి కిందపడింది. అది నా నవల రెండో అధ్యాయం.

పటాన్‌చెరులో మాది కిరాణా కొట్టు. గిరాకీ లేనప్పుడు నవల రాస్తాను. ఏడు అధ్యాయాలయ్యాయి. ఎనిమిదోది మొదలుపెట్టబోయిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి రెండోదాన్నే దిద్దుతాను. తీసేసిన కాగితాలు పారేస్తే నష్టం కదా, పొట్లాలు కడతాను. కథకు పనికిరానిది జీలకర్రకైనా పనికొస్తుంది. పొట్లం ఎవరూ చదవరని నా లెక్క.

"తర్వాతి పేజీ ఎవరింటికి పోయిందో ఏమో మేడం."

"అయితే ఇంకో వంద గ్రాములు కట్టండి. దొరికేదాకా కొంటాను."

ఆమె కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. సాయంత్రం కంపెనీ బస్సు మా కొట్టు ముందే దింపుతుంది. వాళ్ల నాన్న నరసరాజు గారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆ నెల వాళ్లింటికి వెళ్లిన జీలకర్రతో ఒక హోటల్ నడపొచ్చు.

నాకు భయం పట్టుకుంది. ఆ పేజీల్లో కథానాయిక కంపెనీ బస్సు దిగుతుంది, జారే కళ్లజోడు తోసుకుంటుంది. తనేనని పోల్చుకుంటే ఈమె మళ్లీ మా మెట్టెక్కదు. జీలకర్ర అమ్ముడుపోకపోయినా బతకొచ్చు. ఆ సాయంత్రాలను మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చుకోను?

వెంటనే రెండో అధ్యాయం తిరగరాసి, కథానాయికను ముంబయి డాన్సర్‌ను చేశాను. కావాలనే ఆ పేజీతో పొట్లం కట్టిచ్చాను.

మర్నాడు వానతో పాటే ఆమె కొట్టులోకి దూసుకొచ్చింది.

"ఎవరండీ ఈ డాన్సరు? మన బస్సమ్మాయి ఏమైంది?"

"తీసేసిన మేడం. డాన్సరైతే పుస్తకం జల్దీ అమ్ముడుపోతది."

"మరి ఈ డాన్సరు కూడా కళ్లజోడు తోసుకుంటోందేం? అదీ డాన్సు మధ్యలో!"

దిద్దేటప్పుడు ఆ ముక్క తీసేయడం మరిచిపోయాను. తలెత్తకుండా బెల్లం బుట్ట సర్దాను.

ఆమె పెన్ను తీసింది. "మా కంపెనీలో రాసినదాన్ని దిద్దితే పాతది కనబడాలి. ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం, తేదీ పెట్టాలి. మీలాగా మాయం చేసి పొట్లాలు కట్టం." డాన్సర్ మీద ఒక్క గీత కొట్టి, పెన్ను నా ముందుకు తోసింది. "బస్సమ్మాయిని తీసేసిన కారణం రాయండి."

'భయం' అని రాశాను.

"దేనికి?"

"పోల్చుకుంటే మీరు ఇగ రారేమోనని."

"మొదటి పొట్లంలోనే పోల్చుకున్నానండీ! లేకపోతే మనిషన్నవాడు ఇంత జీలకర్ర కొంటాడా? మా అమ్మ నిన్న పాయసంలో కూడా వేసింది."

'భయం' పక్కనే సంతకం చేసి, తేదీ వేసింది.

లోపల్నుంచి మా అమ్మ వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో! కాగితాన్ని చూసింది, దుర్గాదేవిని చూసింది.

"ఏంది బిడ్డా, దినాం జీలకర్రేనా? ఇది గూడ తీస్కపో." ఇంత బెల్లం ముద్ద తీసి, తూచకుండానే ఆమె చేతిలో పెట్టింది. తూచకుండా మా అమ్మ సరుకివ్వడం నేను పుట్టాక చూడలేదు. "ఆదివారం మీ ఇంటికొస్తమని మీ అమ్మకు జెప్పు."

దుర్గాదేవి కళ్లజోడు జారింది. ఈసారి తోసుకోవడం మరిచిపోయింది.

నేను అలవాటుగా బెల్లం కట్టడానికి ఆ కాగితమే అందుకున్నాను. చేతి మీద ఒక్కటి పడింది.

"అది రికార్డు. ముట్టుకోకండి!"

బెల్లం గుడ్డసంచిలో వెళ్లింది.