బకెట్ దగ్గర అరగంట

"వాటర్‌ప్రూఫ్ అని ఇంత లావు అక్షరాలతో రాస్తారు. తీరా నీళ్ళలో దిగితే ఫోను చచ్చి ఊరుకుంది. దీనికి ఎవరండీ జవాబుదారీ?"

మా మామయ్య కెమెరాల రిపేరు షాపులో ఆమె నాతో అన్న మొదటి మాట అది. బయట జోరుగా వాన. ఆమె జడ నుంచి కారే నీళ్ళు నా బల్లంతా తడిపేస్తున్నాయి. నాకు అసలే భయం పాలు ఎక్కువ. కుక్క మొరిగినా నేనే సారీ చెప్పి పక్కకు తప్పుకుంటాను. కానీ వాటర్‌ప్రూఫ్ కేసుల దగ్గర మాత్రం నన్నెవరూ బెదిరించలేరు.

ఆమె తెచ్చిన కేసు తెరిచి, మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద నుంచి పట్టకారుతో ఒక పొడవాటి వెంట్రుక పైకెత్తాను.

"జవాబుదారీ ఇదిగోండి మేడమ్. రింగుకీ మూతకీ మధ్య పడుకుంది. ఈ సందు చాలు నీళ్ళకి."

"అది నాదేనని గ్యారంటీ ఏంటి?"

"నాకు జుట్టు ఊడుతోందండీ. మా మామయ్యకి ఊడిపోయింది."

ఆమె పకపకా నవ్వేసింది. నేను వెంటనే తల దించుకుని, చచ్చిన ఫోను తుడవడం మొదలుపెట్టాను.

ఆమె డైవర్. నదుల మీది వంతెనల స్తంభాలు నీళ్ళ కింద ఎక్కడైనా పగిలాయేమోనని మునిగి ఫొటోలు తీయడం ఆమె ఉద్యోగం. ఆఫీసు వాళ్ళది పెద్ద కెమెరా, దానికొక పారదర్శకమైన కేసు. ఆ రోజు నుంచి నీళ్ళలోంచి వచ్చినప్పుడల్లా ఆ కేసు మా షాపుకే తెచ్చేది.

నేను దాన్ని మంచినీళ్ళలో నానబెట్టి బురద వదిలించేవాడిని. సూదితో కాకుండా ప్లాస్టిక్ కార్డు అంచుతో రింగును పైకి లేపి, గాడిలో ఇసుక తుడిచి, బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాసేవాడిని.

"అంతేనా? ఇంకొంచెం రాయండి, పిసినారి."

"ఎక్కువ రాస్తే దుమ్ము అంటుకుంటుందండీ. రింగు మెరవాలి, జిడ్డు కారకూడదు."

చివరికి బకెట్. ఖాళీ కేసులో టిష్యూ పేపర్ పెట్టి మూసి, నీళ్ళలో ముంచి, పైన ఇటుక పెట్టి అరగంట ఉంచాలి. టిష్యూ పొడిగా ఉంటేనే కెమెరా లోపలికి వెళ్తుంది. అది మామయ్య రూలు. ఆయనదే ఇంకో రూలు కూడా ఉంది: పాత రింగు తీసిన మరుక్షణం కత్తెరతో రెండు ముక్కలు చేయాలి. కొత్తదీ పాతదీ రెండూ నల్లగానే ఉంటాయి, కలిసిపోయాయంటే కొంప మునుగుతుంది.

ఆ అరగంటే మా ఇద్దరి కబుర్లకి టైము. ఆమె నాకు 'టిష్యూ గారు' అని పేరు పెట్టింది. నీటి అడుగున చేపలు అద్దానికి ముక్కు ఆనించి తనను చూస్తాయని చెప్పేది. నాకు వింటుంటేనే ఊపిరాడేది కాదు. చిన్నప్పుడు చెరువులో జారిపడిన నాటి నుంచి మోకాలు దాటి నీళ్ళలోకి దిగలేదని చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

ఆ నెలాఖరున ఒక సాయంత్రం ఆమె హడావుడిగా వచ్చింది.

"రేపు పొద్దున్నే పెద్ద వంతెన దగ్గర పని. ఎల్లుండి నుంచి వరద నీళ్ళు వదులుతారట. టిష్యూ గారూ, ఈసారి కెమెరాలోకి చుక్క నీరు పోకూడదు. ఆఫీసు ఫోను పోయినప్పుడే మా ఇంజినీరు గారు చెప్పేశారు. ఇంకొకసారి ఇలా జరిగితే నన్ను నీళ్ళలోకి దింపరట, ఆఫీసులో కూర్చోబెట్టి ఫైళ్ళు మోయిస్తారట."

రింగు తీసి గోటితో తడిమాను. ఒక చోట సన్నటి గాటు తగిలింది. కొత్తది తీసి పక్కన పెట్టాను. కత్తెర కోసం చెయ్యి చాపాను.

"రేపు పనయ్యాక మీకొక మాట చెప్పాలి," అంది ఆమె నెమ్మదిగా.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏం మాట?"

"రేపు."

అంతే, నా బుర్ర పనిచేయడం మానేసింది. గ్రీజు రాశాను, రింగు వేశాను, కెమెరా పెట్టి మూశాను. బస్సు టైమైందని ఆమె వెళ్ళిపోయింది. బకెట్ వైపు ఇద్దరమూ చూడలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచి బల్ల తుడుస్తుంటే గుడ్డకి రింగు తగిలింది. కత్తిరించని రింగు. చుట్టూ గోటితో తడిమాను. మళ్ళీ తడిమాను. ఎక్కడా గాటు లేదు.

కొత్తది ఇక్కడుంది. అంటే గాటు పడిన రింగు ఆమె దగ్గరుంది.

ఫోను చేశాను, స్విచ్ ఆఫ్. రింగు జేబులో వేసుకుని, గ్రీజు ట్యూబు, టిష్యూలు, టవలు సంచిలో పడేసి, మామయ్య స్కూటర్ తీశాను. దారి పొడవునా వాన. కెమెరా సంగతి తర్వాత, ఆమె మళ్ళీ నీళ్ళలోకి దిగలేకపోతే? నా వల్ల! నా మొహం ఇంకెప్పుడైనా చూస్తుందా? దేవుడా, ఆలస్యంగా దిగేలా చూడు స్వామీ అనుకుంటూ పోయాను.

నేను చేరేసరికి ఆమె నడుము లోతు నీళ్ళలో ఉంది. ఒడ్డున ఇంజినీరు గారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

"ఆగండి!" అని అరిచాను. వాన హోరులో వినబడలేదు. ఆమె తల నీళ్ళ కిందకి వెళ్ళిపోయింది.

నేను నీళ్ళలోకి ఎప్పుడు దిగానో నాకే తెలియదు. మోకాళ్ళు దాటాయి. నడుము దాటింది. కాళ్ళ కింద బురద జారుతోంది. ఇంకొక అడుగు వేయబోతుండగా ఆమె పైకి లేచింది. కేసును లెన్స్ కిందికి ఉండేలా పట్టుకుంది. నీళ్ళు దూరితే అలా పట్టుకోవాలని, అప్పుడవి కెమెరాకి తగలకుండా ముందరి అద్దంలోనే నిలుస్తాయని నేర్పింది నేనే.

"కేసులోంచి బుడగలు వచ్చాయి," అంది. అప్పుడు నన్ను చూసింది. "మీరేంటి ఇక్కడ? నీళ్ళలో?"

ఒడ్డుకు చేరగానే ఇంజినీరు గారు అందుకున్నారు. "మళ్ళీనా? నీకు ముందే చెప్పాను కదమ్మా!"

"సారీ సార్. పొద్దున ఒకసారి తెరిచి చూశాను. నా వెంట్రుకే మళ్ళీ పడి ఉంటుంది."

ఆమె కళ్ళలో నీళ్ళు. నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. షాపు పరువు దక్కుతుంది, మామయ్య తిట్టరు, ఆమె నన్ను అసహ్యించుకోదు.

"వెంట్రుక కాదు సార్," అన్నాను. "తప్పు నాది. పాత రింగు వేశాను. బకెట్‌లో పరీక్ష కూడా చేయలేదు. కొత్త రింగు ఇదిగో."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఎంత ధైర్యమయ్యా ఈ మాట నా ముందు చెప్పడానికి!"

ధైర్యమా! నా మోకాళ్ళు ఆయనకు కనబడలేదు.

"అరగంట టైమివ్వండి సార్. తర్వాత మా షాపును ఏమన్నా చేసుకోండి."

ఆయన వాచీ చూసుకుని, "అరగంటే," అన్నారు.

టార్పాలిన్ కింద కేసును బయట బాగా తుడిచి, లెన్స్ కిందికే ఉంచి తెరిచాను. చెంచాడు నీళ్ళు అడుగున నిలిచాయి. కెమెరా ఒళ్ళు పొడిగానే ఉంది. దాన్ని టవల్లో చుట్టి పక్కన పెట్టి, పాత రింగు తీశాను. కత్తెర లేదు. ఆమె తన నడుముకున్న కత్తి తీసి, ఆ రింగును రెండు ముక్కలు చేసింది. కొత్తది వేశాను. దొరికిన బకెట్‌లో ఖాళీ కేసు ముంచి కూర్చున్నాం. మొదటిసారి మా మధ్య ఒక్క మాట లేదు.

అరగంటయ్యాక టిష్యూ తీసి ఆమె చేతిలో పెట్టాను. పొడిగా ఉంది.

ఆమె మళ్ళీ దిగింది. నలభై నిమిషాలు. నేను ఒడ్డున నిలబడి, పైకి తేలే ఆమె ఊపిరి బుడగలు లెక్కపెట్టాను. ఎక్కువైతే భయం, తగ్గితే భయం. చివరికి పైకి వచ్చి బొటనవేలు చూపించింది. ఫొటోలు చూసి ఇంజినీరు గారు "ఊఁ" అని మాత్రం అని, జీపు ఎక్కారు.

"కోపంగా ఉందా?" అని అడిగాను.

"చాలా. నిన్నటి మాట చెప్పాలా వద్దా అని నీళ్ళ కింద ఆలోచిస్తూనే ఉన్నాను."

"వద్దంటే మానేయండి. నాది తప్పే."

"టిష్యూ గారూ, నేను భయం లేని పిల్లనని అందరూ అనుకుంటారు. కింద చెయ్యి చాపితే నా చెయ్యి నాకే కనబడదు. దిగిన ప్రతిసారీ నాకు భయమే. ఇవాళ పైన ఒకరు నాకంటే ఎక్కువ భయపడుతున్నారని తెలుసు. హాయిగా ఫొటోలు తీసుకున్నాను." తడి జడ పిండుకుంటూ నా వైపు తిరిగింది. "నాకోసం జన్మంతా ఇలా భయపడగలరా?"

"అదొక్కటే నాకు బాగా వచ్చిన పనండీ," అన్నాను.