పీత నెత్తురు నీలం

మధ్యాహ్నం అన్నాల బెల్లు మోగిందో లేదో, ఏడో తరగతి పిల్లలంతా తాయారు చుట్టూ మూగేశారు. భరణి ఒక్కతే తన థర్మాకోల్ బొమ్మ పక్కన కూర్చుంది. వాన ఎలా పడుతుందో చూపించే బొమ్మ అది. నాలుగు రోజులు కష్టపడి చేసింది. దానివంక చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంతకీ తాయారు తెచ్చిందేమిటి? చిన్న గాజు సీసా, అందులో కాసిన్ని నీలం నీళ్లు. అంతే!

"ఇది పీత నెత్తురు. మన నెత్తురులో ఇనుము ఉంటాది, దీన్లో రాగి ఉంటాది. గాలి తగిలితే ఆ రాగి వెలుతురులోని పసుపు, నారింజ రంగుల్ని మింగేస్తాది. మిగిలిన నీలమే మనకి కనిపిస్తాది" అని తాయారు చెబుతుంటే అందరూ నోళ్లు వెళ్లబెట్టారు.

భరణికి కడుపు మండిపోయింది. శ్రీకాకుళంలో జరిగే సైన్స్ ఫెయిర్‌కి క్లాసుకి ఒక్కరే వెళ్లాలి. సాయంత్రం అనూరాధ టీచర్ వచ్చి పేరు రాస్తారు. ఆ పేరు తనది కాకపోతే?

"ఒసే, నెత్తురు నీలంగా ఉంటాదేటే? బట్టలకేసే నీలిమందు కలిపేసి మా సెవిలో పువ్వులెడతన్నావా?" అంది గట్టిగా.

పిల్లలకి ఆ మాట చాలు. గొల్లున నవ్వారు. త్రినాథ్ అనే గడుగ్గాయి అప్పటికప్పుడు 'నీలిమందు తాయారు' అని పేరు కూడా పెట్టేశాడు. తాయారు సీసా తీసుకెళ్లి కుళాయి దగ్గర ఒంపేసింది. సాయంత్రం టీచర్ అడిగినప్పుడు చెయ్యే ఎత్తలేదు. బోర్డు మీద భరణి పేరు పడింది.

భరణి ఎగురుకుంటూ ఇంటికెళ్లింది. నాన్న పొలంగట్ల మీద పట్టిన పీతల్ని అమ్మ పెరట్లో శుభ్రం చేస్తోంది. మామూలుగా అయితే భరణి ఆ ఛాయలకే పోదు. ఇవాళ తన గొప్ప చెప్పాలన్న ఆత్రంలో ఎదురుగా చతికిలబడింది. అమ్మ ఒక కాలు విరిస్తే స్టీలు పళ్లెంలో నీళ్లలాంటి చుక్కలు పడ్డాయి. భరణి కబుర్లు చెబుతూనే ఉంది. కాసేపటికి చూస్తే ఆ చుక్కలు లేత నీలంగా మారాయి.

"అమ్మా, నువ్వేటైనా కలిపావా?"

"నానేటి కలుపుతాను? గాలి తగిల్తే పీత నెత్తురు నీలంగానే తిరుగుతాది. నువ్వెప్పుడు దగ్గరకొచ్చి సూశావు గనక!"

భరణికి అన్నం సహించలేదు. తన మాట అబద్ధమని ఎవరికీ తెలీదులే అనుకుంది. తాయారుకి తెలుసు కదా అని మళ్లీ అనుకుంది. అలాగని కుళ్లు పోయిందా? లేదు. తాయారు శ్రీకాకుళం బస్సెక్కడం తలుచుకుంటే ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

మర్నాడు టీచర్ క్లాసులోకి రాగానే భరణి లేచింది. చేతిలోని డబ్బాను తాయారు బల్ల మీద పెట్టింది. లోపల కూరకి పోగా మిగిలిన పీతలు గరగరమంటున్నాయి.

"టీచర్, తాయారు నీలిమందు కలపలేదు. నాకు కుళ్లొచ్చి అలాగన్నాను" అంది. త్రినాథ్ నవ్వబోయి ఊరుకున్నాడు.

ఎవరూ అడక్కముందే బోర్డు దగ్గరికి వెళ్లి తన పేరు తుడిచేసింది. చాక్‌పీస్ అందుకుంది. తాయారు పేరు రాయడానికి భరణికి చాలాసేపు పట్టింది. అయినా వెనక బెంచీకి కనపడేంత పెద్దగా రాసింది.