చెత్తబుట్టలోని దారి

"పది నిమిషాల్లో పన్నెండు అంబులెన్సులు బయల్దేరతాయి," అన్నాడు చీఫ్. "ఒక దాంట్లో విదేశీ ముఠా గుట్టు తెలిసిన సాక్షి ఉన్నాడు. ఏ బండో వాళ్ళకి తెలీదు. అందుకే అన్నిటినీ లేపేస్తారు. ముందు బండి నడిపేది మీ అక్కే."

ఏజెంట్ డేగ కుర్చీలోంచి లేచాడు. "ఆపేద్దాం సార్!"

"ముఠా ఆస్పత్రికి కరెంటు తీసేసిందయ్యా. రోగులందర్నీ వేరే ఆస్పత్రికి చేర్చాల్సిందే. బండ్లలోని సిలిండర్లలో ఆక్సిజన్ యాభై నిమిషాలకే ఉంది."

ఏసీ మెకానిక్ వేషంలో డేగ, అంబులెన్సులకు దారి చెప్పే కంట్రోల్ రూమ్‌లోకి దూరాడు. కంప్యూటర్ ముందు నల్లకళ్ళద్దాల సుందరి. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. మన మనిషే అని చీఫ్ ఒట్టేసి చెప్పాడు గానీ, డేగకు ఇంకా అనుమానమే.

"చల్లదనం చాలట్లేదు," అన్నాడు కోడ్‌లో.

"గ్యాస్ నింపాలి." ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. గదిలో ముఠా దాచిన మైకులన్నీ మూగబోయాయి. "ప్రోగ్రామ్ చీమల్లా వేల దారులు వెతికి, దొరికినవాటిని సానబెడుతుంది. టైము తగ్గిస్తే ప్రమాదం పెరుగుతుంది, ప్రమాదం తగ్గిస్తే టైము పెరుగుతుంది. చివరికి ఐదు దారులు మిగులుతాయి. మీ ఆఫీసర్లు ఎప్పుడూ మధ్యదే తీసుకుంటారు. ముఠా బాంబు అక్కడే పెట్టింది."

"మిగతా నాలుగూ?"

"తుపాకులతో కాపు కాస్తున్నారు."

"మళ్ళీ నడుపు!"

నడిపింది. అవే ఐదు. మళ్ళీ నడిపింది. మళ్ళీ అవే. దేవుడా, అక్కను చేజేతులా చంపుకుంటున్నానా అని డేగ కుమిలిపోయాడు.

"ప్రోగ్రామ్ పారేసినవి?"

"చెత్తబుట్టలో ఉంటాయి. టైమూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. వాటిని ఎవరు చూస్తారు?"

"ముఠా చూసిందా?"

ఆమె తొలిసారి కళ్ళద్దాలు తీసింది. "లేదు."

క్వారీ పక్కన గుంతల దారి. నలభై ఎనిమిది నిమిషాలు. డేగ రేడియో అందుకుని అక్కకు ఆ దారి చెప్పాడు.

"ఇదేం దారిరా తమ్ముడూ! నడ్డి విరుగుతోంది!"

"తిట్టుకో అక్కా, ఆగకు మాత్రం!"

ముప్పయ్యో నిమిషాన రేడియో మూగబోయింది. నలభై... నలభై ఐదు... నలభై ఎనిమిది దాటింది. డేగ రేడియో మీట మళ్ళీ మళ్ళీ నొక్కాడు. నలభై తొమ్మిదిన్నరకు రేడియో గరగరలాడింది.

"చేరాంరా. అందరూ ఊపిరి పీలుస్తున్నారు. నీ సంగతి మాత్రం ఇంటికొచ్చాక చెప్తా."

డేగ గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మధ్య దారి వంతెన కింద అంబులెన్సుల కోసం పడిగాపులు కాస్తున్న ముఠాను కమాండోలు బాంబుతో సహా పట్టుకున్నారు.

"శభాష్!" అన్నాడు చీఫ్ గదిలోకి వస్తూ. "ఇకమీదట ఈ దారినీ లిస్టులో చేర్పిద్దాం."

"చేర్పించండి సార్," అన్నాడు డేగ కళ్ళు తుడుచుకుంటూ. "మధ్యలో మాత్రం పెట్టించకండి."