రెక్కల్లేని తేనెటీగ

"ఎవడు నరికిండు?"

సౌభాగ్యమ్మ అరుపుకు చర్చి ముందు పూలు ఏరుతున్న ఆడవాళ్లంతా తలెత్తారు. ఎడ్లబండి నిండా తంగేడు పొదలు, మొదళ్లతో సహా. బండి పక్కన కృపానందం. పటాన్‌చెరులో కొత్తగా తెరిచిన ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పని అతనిది. ఒక కన్ను వాచిపోయింది, అయినా మెడల్ కొట్టినవాడిలా నవ్వుతున్నాడు.

"నేనే. నీ కోసం లీవ్ పెట్టిన. చాల్తదా, ఇంకో ట్రిప్ కొట్టాల్నా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తెల్లారితే కోత పండుగ. ఏటా చర్చి ముందు నేల మీద పూలతో ఒక బొమ్మ పరుస్తారు. ఈసారి తేనెటీగను వేద్దామని ఆమే పట్టుబట్టింది. ఈగలు తిరగకపోతే పంటెక్కడిది, పండుగెక్కడిది? అందుకే పొదకు నాలుగు రెమ్మలే తెంపాలి, మిగిలిందంతా ఈగలకే వదలాలి అని సంఘంలో అందరికీ చెప్పింది. ఆ పూట ఈ మహానుభావుడు డ్యూటీలో ఉన్నాడు.

"కన్నుకేమైంది?"

"పొదల చిన్న తేనెపట్టు ఉండె. పొగబెట్టి లేపిన. ఒక ఈగ కుట్టింది."

"ఒకటేనా! రెండో కన్ను సుత వాయాల్సి ఉండె. నువ్వు పొదలు నరికిన గట్టు కిందనే మా గుమ్మడి చేను పూత మీదున్నది. నాయిన పోయినంక అమ్మకు, నాకు అదే దిక్కు. తేనెటీగ బొమ్మ కోసం తేనెటీగలనే ఎల్లగొట్టినవా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!"

"నాకేమెరుక..."

"ఎరుక లేకుంటె అడగాలె. నోరు లేదా?"

మర్నాడు ఆదివారం జనం వచ్చేసరికి పచ్చటి తంగేడు తేనెటీగ సిద్ధంగా ఉంది. రెక్కలు మాత్రం లేవు. రెక్కలకని తెచ్చిన తెల్ల గునుగు పూలను సౌభాగ్యమ్మ గంపలోంచి తీయనివ్వలేదు.

"రెక్కలేవమ్మా?" అన్నారు పాస్టర్ అయ్యగారు.

"కృపానందాన్ని అడుగుండ్రి, అయ్యగారూ. కొడవలి ఆయన చేతిలనే ఉండె."

సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. కృపానందం తల దించుకున్నాడు. ఆమెకు ఒక్క క్షణం జాలేసింది. జాలేసినందుకు మరింత కోపమొచ్చింది.

నాలుగు రోజులకు గుమ్మడి పిందెలు పసుపెక్కి రాలడం మొదలైంది. తల్లి ఏసమ్మ గట్టు మీద కూలబడింది. సరిగ్గా అప్పుడే, నడినెత్తి ఎండలో, కృపానందం సైకిల్ దిగాడు.

"లైబ్రరీల చదివిన. మగపువ్వు తెంపి, పిందె ఉన్న పువ్వుకు అద్దితె కాయ నిలుస్తదంట. ఈగలు మళ్ల వచ్చేదాక నేనే అద్దుత."

"పన్నెండింటికా? పువ్వులన్ని ముడుచుకున్నయి. కన్ను వాపు ఇంక దిగలేదా?"

"మరెప్పుడు రావాలె?"

"పొద్దు పొడవంగనే. లేటైతే మీ ఫ్యాక్టరీ లెక్కనే, గేట్ బంద్!"

సెకండ్ షిఫ్ట్ అడిగి వేయించుకుని మరీ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చాడు. వంగి వంగి పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దాడు. "జెర మెల్లగ! లేత్ మెషిన్ కాదది" అని తిడుతూనే ఆమె పక్క సాలు పట్టింది. అతని ముక్కుకు పుప్పొడి అంటుకుంది. తుడుచుకోమని ఆమె చెప్పలేదు. చూడ్డానికి బాగుంది మరి!

పదిహేను రోజులకు పిందెలు పిడికెడేసి అయ్యాయి. ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో, ఆ ఉదయం పూల మీద ఈగలు కూడా ఝుమ్మన్నాయి.

కృపానందం చేతులు దులుపుకున్నాడు. "ఈగలు వచ్చినయి. నా తప్పు తీరింది. ఇగ రేపటి నుంచి రాను."

ఆమె చేతిలో పువ్వు నలిగిపోయింది.

"రావా? చేను సంగతి సరే, నా సంగతేంది? నీ మొఖం చూడంది నాకు తెల్లారినట్టే ఉంటలేదు. గది సుత నేనే చెప్పాల్నా, మొద్దూ!"

అతను నోరు తెరిచాడు. "అంటె... నేనంటె ఇష్టమా?"

"కోపం! మస్తు కోపం! దినాం ఎదురుంగ నిలబెట్టుకొని తిట్టాలన్నంత కోపం!"

పాదుల అవతలి నుంచి ఏసమ్మ గొంతు వినిపించింది.

"ఓ కృపానందం, మీ అమ్మానాయినను జల్దీ తోలుకొని రా బిడ్డా. తిట్టేదేందో పెండ్లయినంక మీ ఇంట్ల తిట్టుకుంటది. నా చెవులు పోతున్నయి!"