ఇనుప తలుపు కాపలా

ధడేల్మని ఇనుప తలుపు మూసుకున్న చప్పుడుకు వంటింట్లో ఉన్న అస్మా గుండె ఆగినంత పనైంది. లోపల అత్తగారు ఫాతిమా బీ ఉంది!

ఆదోనిలో వాళ్ళు కాపురముంటున్నది ఒకప్పటి బ్యాంకు. పత్తి వ్యాపారుల కోసం ఊళ్ళో మొట్టమొదట తెరిచింది అదేనని అత్తగారు రోజుకోసారి చెబుతుంది. బ్యాంకు వేరేచోటికి మారాక, అక్కడ కాపలా ఉండిన మామగారు ఖాసిం సాబ్ ఆ పాత కట్టడాన్నే కొనుక్కున్నాడు. డబ్బు దాచిన గది ఇప్పుడు సామాన్ల గది. తలుపు మూస్తే గడియ దానంతటదే పడుతుంది, తెరవాలంటే మాత్రం రెండు తాళంచెవులూ కావాలి. ఒకటి అత్త కొంగున, ఒకటి కోడలి దగ్గర. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు గడప మీద కూర్చోవాలి. మామగారు పోయినా ఇంట్లో ఆ కట్టుబాటు పోలేదు.

ఇవాళే తప్పింది... గడప మీద కూర్చుని, "ఈ తలుపు పీకించేద్దాం అమ్మీ, ఎవరైనా ఇరుక్కుంటారు" అన్నది అస్మా. "మగ్గాల ఇంట్లో పుట్టినదానివి, దీని విలువ నీకేం తెలుస్తాది?" అన్నది లోపలినుంచి అత్త. ఎమ్మిగనూరులోని పుట్టింటిని అంటే అస్మాకు ఒళ్ళు మండుతుంది. విసురుగా లేచి వచ్చేసింది. వెనకే గాలి కొట్టింది.

ఇప్పుడు వంటింట్లోంచి పరుగున వచ్చి తన తాళంచెవి తిప్పింది. తలుపు కదలలేదు. రెండోది లోపల అత్త కొంగునే ఉంది! ఫోన్ చేస్తే భర్త ఉమేర్ పత్తికొండలో ఉన్నాడు. ఎంత తొందరగా బయలుదేరినా గంట దాటుతుంది. అత్తకు ఉబ్బసం...

"అమ్మీ, పలుకు అమ్మీ!"

సమాధానంగా దగ్గు వినిపించింది. తర్వాత అదీ లేదు.

యా అల్లా, నేను లేవకుండా ఉంటే... అప్పుడు గుర్తొచ్చింది, అత్త రోజూ చెప్పి విసిగించే కథ. మామగారు వెనక గోడలోని కంతలోంచి లాంతరు పెట్టి లోపలికి చూసేవాడట. ఎలుకలొస్తున్నాయని ఆ కంతకు ఇటుక పెట్టి సిమెంటు పూయించింది అస్మాయే!

రోకలి తీసుకుని వెనక్కి పరుగెత్తింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా పొడిచింది. ఇటుక లోపలికి పడింది. భుజం దాకా చేయి దూర్చి వెతికింది. ఏమీ తగల్లేదు. ఏడుస్తూ పిలుస్తూనే ఉంది. చివరకు చల్లటి వేళ్ళు ఆమె చేతిని పట్టుకున్నాయి, తాళంచెవి అరచేతిలో పడింది.

తలుపు తెరిచేసరికి ఫాతిమా బీ గోడకానుకుని ఎగశ్వాస తీస్తోంది. అస్మా బయటికి తెచ్చి, మందు పీల్పించి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

ఉమేర్ రొప్పుతూ వచ్చాడు. "గడప మీద ఎవరూ లేరా? ఏమైంది?"

అస్మా నోరు తెరవబోయింది. అత్త ఆమె చేయి నొక్కింది.

"నేనే పంపించినానురా, నీళ్ళు తెమ్మని" అన్నది ఫాతిమా బీ. "రేపు కమ్మరి మారెప్పను పిలిచి ఈ తలుపు ఊడదీయించు."

అస్మాకు దుఃఖం ఆగలేదు.

"వద్దమ్మీ, ఉండనీ. ఆ కంత మాత్రం మూయొద్దు. ఇంక నువ్వేమన్నా సరే, నేను గడప మీదనుంచి లేవను."