ఎవరి పట్టు తప్పింది?

ఆ రోజు పొద్దున కూడా తల్లి కూతురికి జడ వేస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్లకి తల్లి ముద్దుకొద్దీ జడ వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడ ముద్దు కాదు, గత్యంతరం లేక. పిల్ల కుడిచేతి వేళ్ళు సగమే ముడుచుకుంటాయి. దువ్వెన పట్టుకున్నా జారిపోతుంది, పెన్ను పట్టుకున్నా జారిపోతుంది. గోడెక్కే ఆటలో కిందపడి మోచెయ్యి విరిగి పద్నాలుగు నెలలైంది. ఎముక అతుక్కుంది గానీ నరం కోలుకోలేదు. నిన్న డాక్టరు ఫైలు మూసేసి, "వచ్చిందే వచ్చినట్టమ్మా. ఇక మీద మార్పు ఉంటుందని ఆశపెట్టలేను" అనేశాడు.

"ఆ గోడలెక్కడం వద్దే అని నెత్తీనోరూ బాదుకున్నాను. విన్నావా? ఆ రోజైనా కాస్త నిదానంగా ఎక్కావా? ఎప్పుడూ కాళ్ళకింద నిప్పులు పోసినట్టు తొందరే!" తల్లి జడ బిగించి లాగింది.

"నాదే తప్పమ్మా. సరిగ్గా పట్టుకోలేదు. ఇంకెన్నిసార్లు ఒప్పుకోమంటావు?"

పొయ్యి దగ్గర నిలబడి టీ తాగుతున్న తండ్రికి పొలమారింది.

ఆయన పనిచేసేది గోడలెక్కే జిమ్ములో. నిట్టనిలువు చెక్క గోడలకి రంగురంగుల గుండ్లలాంటి హోల్డ్స్ బిగించి ఉంటాయి. వాటిని పట్టుకుని జనం పైకి ఎగబాకుతారు. చెమటా, చేతులకి రాసుకునే సుద్దపొడీ కలిసి హోల్డ్స్ జిడ్డుకట్టి నున్నగా తయారవుతాయి. అలాంటివి విప్పి, నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ గోడకి బిగించడమే ఆయన పని. పదకొండేళ్ళుగా ఆయన బిగించిన బోల్టు వదులైందన్న మాట లేదు. జిమ్ములో అందరూ 'బిగింపు బాబాయ్' అంటారు. ఆ పేరు వినబడితే ఒకప్పుడు ఆయన మీసం కింద నవ్వుకునేవాడు. ఈ మధ్య తల దించుకుంటున్నాడు.

"నాన్నా, ఈ రోజు నుంచి నేనూ నీతో వస్తాను" అంది కూతురు. "ఓనరన్నకి ఫోన్ చేశాను. హోల్డ్స్ కడగడానికి మనిషి కావాలట. ఎడం చెయ్యి ఉందిగా, చాలు."

"వద్దమ్మా."

"ఎందుకు?"

"ఆ గోడ చూస్తే నీకు బాధ."

"కళ్ళు మూసుకుంటే రోజూ ఆ గోడేగా నాన్నా. తెరిచి చూస్తే పోయేదేముంది?"

"వెళ్ళనీండి. నాలుగు గోడల మధ్య కూర్చుని కుమిలిపోవడం కంటే నయం" అంది తల్లి. ఇద్దరూ ఒక్కటయ్యేసరికి ఆయన గ్లాసు కిందపెట్టి చెప్పులేసుకున్నాడు.

జిమ్ము వెనక చిన్న గదిలో రెండు తొట్లు. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. పిల్ల హోల్డ్‌ని ఒళ్ళో పెట్టుకుని కుడి ముంజేత్తో అదిమిపట్టి, ఎడం చేత్తో రుద్దింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. బోల్టు కన్నంలో ఇరుక్కున్న సుద్దని సన్నబ్రష్షుతో గీకమని తండ్రి చూపించాడు. ఆరినవాటిని వేలితో కొట్టి వినమన్నాడు. ఖణేల్‌మంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుందన్నమాట. పిల్ల ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కొట్టి, "ఇది పగిలింది నాన్నా!" అంది. ఆయన వెతికితే నిజంగానే వెంట్రుకంత పగులు కనబడింది. చాలా నెలల తర్వాత ఆ పిల్ల ముఖంలో సంతోషం చూశాడాయన.

మధ్యాహ్నం జనం లేనప్పుడు ఇద్దరూ గోడ దగ్గరికి వెళ్ళారు. ఆయన ఒక హోల్డ్‌ని పెట్టి బోల్టు బిగించాడు.

"పక్కన ఈ చిన్న కన్నం ఎందుకు నాన్నా?"

"అందులో స్క్రూ వేస్తాం. హోల్డ్ తిరక్కుండా."

"వేయకపోతే?"

ఆయన రెంచి వైపు చూస్తూ, "బోల్టు గట్టిగా ఉంటే పర్లేదు. అదీ వదులుగా ఉంటే తిరుగుతుంది" అన్నాడు.

పిల్ల ఆ కన్నాన్ని వేలితో తడిమింది. తర్వాత చిన్న గొంతుతో, "ఒక్కోసారి నాకు ఆ రోజు హోల్డే తిరిగినట్టనిపిస్తుంది. వెంటనే సిగ్గేస్తుంది. నా చేతకానితనం గోడ మీదకి నెడుతున్నానేమో అని" అంది.

ఆయన గబగబా రెంచి జేబులో పెట్టుకున్నాడు. "పద, నీళ్ళు మార్చాలి" అని తొట్టి దగ్గరికి నడిచాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక పిల్ల అలవాటు కొద్దీ కుడిచేత్తో గ్లాసు అందుకుంది. అది జారి నేలమీద భళ్ళుమంది. నిన్నటి నుంచి డాక్టరు మాట మింగుడుపడక ఉన్న తల్లి ఒక్కసారి భగ్గుమంది.

"అప్పుడూ పట్టు లేదు, ఇప్పుడూ పట్టు లేదు! నీ జీవితం నువ్వే చేజేతులా నేలపాలు చేసుకున్నావు కదే!"

"దాన్ని అనకు" అన్నాడు తండ్రి.

"అనకపోతే? మీరు వెనకేసుకొచ్చే..."

"అనకన్నానా! పట్టు తప్పింది దానిది కాదు!"

ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. గాజుముక్కలు ఏరుతున్న పిల్ల అలాగే ఉండిపోయింది.

"ఆకుపచ్చ హోల్డ్, పై నుంచి మూడోది. ఆ పొద్దున నేనే కడిగి పెట్టాను. నువ్వొచ్చే వేళైంది, నువ్వెక్కే దారంతా సిద్ధంగా ఉండాలని హడావిడి. బోల్టు చేత్తో తిప్పాను, రెంచితో తర్వాత బిగిద్దామనుకున్నాను. ఇంతలో గోడ కింద పరుపులు సర్దమని పిలిచారు. తిరిగొచ్చేసరికి నువ్వు ఎక్కుతున్నావు. చూస్తూ నిలబడిపోయాను... మర్చిపోయానమ్మా."

"తిరిగిందా?" అంది పిల్ల.

"తిరిగింది. నేను చూశాను."

"మరి మర్నాడు జిమ్ము వాళ్ళు గోడంతా చూసి అన్నీ బిగుతుగానే ఉన్నాయని రాసుకున్నారే?"

"నీ బ్యాగు కోసం ఆస్పత్రి నుంచి జిమ్ముకి వెళ్ళాను. ఎవరూ లేరు. బోల్టు బిగించి, స్క్రూ వేసి, బ్యాగు తీసుకుని నీ దగ్గరికొచ్చాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నువ్వు నా ముఖం చూడవని ఇంకా భయపడ్డాను."

పిల్ల లేచింది. ఎడం చేతిలో గాజుముక్క ఉందన్న ధ్యాస కూడా లేదు. "పద్నాలుగు నెలలు నాన్నా! ఈ చేతిని తిట్టుకోని రోజు లేదు. అమ్మ తిడుతుంటే పక్కనే కూర్చుని టీ తాగావు. ఒక్క మాట... ఒక్క మాట నాకైనా చెప్పకూడదా?"

పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తల్లి ఆయన్ని పల్లెత్తు మాటనలేదు. గోడకి జారగిలబడి, "దాన్ని నేను ఎన్నెన్ని మాటలన్నానండీ" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు ఆయన ఓనరుకి అంతా చెప్పేశాడు. ఓనరు తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళకి ఎందుకు చెప్పావు బాబాయ్? తెలిశాక నిన్ను ఉంచుకోలేను కదా" అన్నాడు. ఆయన రెంచీ, తాళాలూ బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. మధ్యాహ్నం ఎండలో ఎటు వెళ్ళాలో తోచక చాలాసేపు బస్టాపులో కూర్చున్నాడు.

తర్వాత పన్నెండు రోజులు పిల్ల ఆయనతో మాట్లాడలేదు. కసిరినా బాగుండేది. ఆయన గదిలోకొస్తే ఆ పిల్ల లేచి వెళ్ళిపోయేది. ఆ చెయ్యీ మారలేదు, మారదు కూడా. తల్లి మాత్రం నోరెత్తకుండా, చిక్కు తగిలితే నొప్పి పుట్టకుండా జడ వేసేది.

పదమూడో రోజు పొద్దున అలా జడ వేస్తుండగా పిల్ల తల తిప్పకుండానే పిలిచింది.

"నాన్నా."

గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఆ రోజు చూస్తూ నిలబడిపోయానన్నావుగా. బాగా ఎక్కానా?"

ఆ రోజు సంగతి ఎవరడిగినా పడటం గురించే అడిగారు. ఎక్కడం గురించి అడిగినవాళ్ళు లేరు.

"చాలా బాగా ఎక్కావు తల్లీ. మూలమలుపు దగ్గర అందరూ ఆగిపోతారు, నువ్వు ఆగలేదు. ఒంటికాలి మీద లేచి అందుకున్నావు. ఆకుపచ్చదాన్నీ... సరిగ్గానే పట్టుకున్నావు. నిండు చేత్తో పట్టుకున్నావు."

పిల్ల భుజాలు కదిలిపోయాయి. తల్లి దువ్వెన వదిలేసి రెండు చేతులా ఆమెని పొదువుకుంది. కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, దాని వేళ్ళని ఎడం చేత్తో నిమురుతూ, పిల్ల వెక్కిళ్ళ మధ్యే అంది:

"ఇంకోసారి చెప్పు నాన్నా. మొదటి నుంచి చెప్పు."